బఠాణీ చేనూ, తాబేలు పాటా

ఏప్రిల్ 17, 1994. ఆదివారం

ఇవాళ చాపెల్లో బైబిల్లోని ఆకాను మీద ప్రసంగం చెప్పాను. దోపుడుసొమ్ము డేరాలో మట్టి కింద పాతిపెట్టి, ఏమీ ఎరగనట్టు జనం మధ్య నిలబడ్డవాడు. మూడు వారాలు నూరిన కత్తి ఈ ప్రసంగం. బల్ల గుద్ది, ప్రియులారా, మీ డేరా కింద ఏముంది అని అడిగాను.

ఢాం. ఢాం. ఢాం.

రస్సెల్ గ్యాస్ గన్. చాపెల్ గోడకు ఎనభై గజాల అవతల వాడి నలభై ఎకరాల బఠాణీ చేను. మొలక ఇప్పుడిప్పుడే నేల చీలుస్తోంది. అడవి పావురాలు దిగకుండా ఇరవై నిమిషాలకోసారి ఆ గొట్టం మూడు మోతలు మోగుతుంది. వెనక బెంచీలో నిద్రపోతున్న బెర్ట్ ఉలిక్కిపడి లేచి, ఆమెన్ అని కేకపెట్టాడు. ఉన్న తొమ్మిదిమందీ నవ్వారు.

బయటికొచ్చాక మిస్ డౌస్ తడుముకుంటూ నా మోచెయ్యి పట్టుకుంది. బాధపడకు అబ్బాయ్, ఈ ఊళ్ళో నీకంటే గట్టిగా అరిచేవాడొకడు దొరికాడు, అంతే అంది. చాపెల్లో హార్మోనియం వాయించేది ఆమే. చిన్నప్పుడు సండే స్కూల్లో నాకు అక్షరం చెప్పింది. ఎనభై నాలుగేళ్ళు. కళ్ళు దాదాపు పోయాయి. నాలుక పోలేదు.

ఏప్రిల్ 18

రస్సెల్ దగ్గరికి వెళ్ళాను. మా అక్క కొడుకు. ట్రాక్టరు కింద పడుకునే మాట్లాడాడు. ఆదివారం పూటైనా ఆ గొట్టం మూయరా అన్నాను. పావురాలకి ఆదివారం తెలీదు మావయ్యా అన్నాడు. నీకు తెలుసు కదరా అన్నాను. నీ ప్రసంగం కంటే అదే నయం మావయ్యా, మూడు మోతలు మోగి ఊరుకుంటుంది, నువ్వు ఊరుకోవు అన్నాడు.

ట్రాక్టరు జాకీ మీద ఉంది. జాకీ నా కాలి పక్కనే ఉంది. ప్రభువు నన్ను ఆ శోధనలోంచి తప్పించాడు.

చివరికి ఒప్పందం కుదిరింది. వారమంతా నేను చేలో కూచుని కాల్చి పావురాల్ని దిగనివ్వకపోతే, ఆదివారం గొట్టం ఆపుతాడు. ఒక్క మూల మొలక పోయినా మళ్ళీ మోగిస్తాడు. ఫ్యాక్టరీకి మాటిచ్చిన పంట, నీ ఆమెన్లు నాకు బఠాణీలు పండించవు అన్నాడు.

మే ఒకటిన ప్రసంగాల వంతుల పట్టికలో నా పేరుంది. ఆ రోజు నిశ్శబ్దం కావాలి నాకు.

ఏప్రిల్ 20

నలభై ఒక్క పావురాలు.

పద్నాలుగేళ్ళకే బడి మానేసి కాలువల బోర్డులో పార పట్టినవాణ్ణి. నాకు బాగా వచ్చినవి రెండే. వాక్యం, పావురం. ముళ్లకంచెకు వల కట్టి, దాని వెనక పాలసీసాల పెట్టె బోర్లించి కూచున్నాను. మొదట పడ్డవాటినే మిగతావాటికి ఎరగా, దీమం పెట్టాను. దీమానికి ఒక పద్ధతి ఉంది. చచ్చిన పిట్ట ముక్కు గాలికి ఎదురుగా ఉండాలి. గడ్డం కింద పుల్ల గుచ్చి తల నిలబెట్టాలి. ఒకదానికొకటి రెండు గజాల ఎడం. నడిమధ్య కాస్త ఖాళీ వదలాలి. పైనుంచి వచ్చేది అంతా క్షేమమనుకుని ఆ ఖాళీలోకే దిగుతుంది.

చాపెల్లో మేమూ అలాగే కూచుంటాం, మధ్యలో ఖాళీలు వదిలి. ఎవరూ దిగరు.

మిస్ డౌస్‌కు రెండు పావురాలు ఇచ్చి వచ్చాను. గుండ్లు ఏరావా, నాకు మిగిలిన పళ్ళు నాలుగే అంది.

ఏప్రిల్ 22

తూర్పు గాలి. పదకొండే. మోకాలు నొప్పి.

ఏప్రిల్ 24, ఆదివారం

రస్సెల్ మాట నిలబెట్టుకున్నాడు. గొట్టం మోగలేదు. ఇవాళ బోధించినవాడు పట్నం కుర్రాడు. కాగితం చూసి చదివాడు. నరకం ఊసే లేదు. సరే, నా పని కాదు.

ఆరాధన అయ్యాక మిస్ డౌస్ దక్షిణం వైపు కిటికీ తెరవమంది. తెరిచాను. చాలాసేపు చెవి అటు పెట్టి కూచుంది. ఏమీ లేదు, ఒక కాకి తప్ప. హార్మోనియం మూత ఎత్తి లోపలి చెక్క మీద వేళ్ళతో తడిమింది. అక్కడ పెన్సిలుతో రాసిన తేదీలున్నాయి. 1938తో మొదలు. ప్రతి వసంతానా గువ్వ గొంతు మొదటిసారి విన్న రోజు. ఏప్రిల్ 29. మే 2. ఏప్రిల్ 27. చివరిది 1990. ఆ తర్వాత గువ్వ గొంతే లేదు, చెక్క ఖాళీ.

ఆ చెక్క చూస్తే నాకు నా తాబేలు గుర్తొస్తుంది. 1951. పంతొమ్మిదేళ్ళు. నా మొదటి ప్రసంగం. చలికాలం పోయి పూలు పూసినప్పుడు దేశమంతా టర్టల్ గొంతు వినిపిస్తుందని సొలొమోను అన్న చోటు ఎంచుకున్నాను. మా పాత ఇంగ్లీషు బైబిల్లో ఆ మాట అలాగే ఉంది, టర్టల్. అది గువ్వకు పాతకాలపు పేరని ఎవరు చెప్పారు నాకు? నాకు తెలిసిన టర్టల్ ఒక్కటే, బొమ్మల పుస్తకంలో చూసిన తాబేలు. అనుమానమే రాలేదు. ఇరవై నిమిషాలు తాబేలు పాట మీద మండిపోయాను. పుట్టినప్పటి నుంచి నోరు మెదపని జీవి! వీపు మీద బండ మోసే జీవి! అది కూడా ప్రభువు వసంతంలో గొంతెత్తుతుంది, నువ్వెందుకు ఎత్తవు ఓ పాపీ, అని. జనం భుజాలు కదులుతుంటే ఏడుస్తున్నారనుకున్నాను.

నలభై మూడేళ్ళు. ఇప్పటికీ నేను తాబేలు ఓబెద్‌నే.

ఆ రోజు నవ్వనిది మిస్ డౌస్ ఒక్కతే. నా చెయ్యి పట్టుకుని ముళ్లకంచె దగ్గరికి లాక్కెళ్ళింది. టీచర్, ఎందుకు నవ్వారు అందరూ అని మొదలెట్టాను. నోరు మూసుకుని విను అబ్బాయ్ అంది. విన్నాను. తుర్‌ర్, తుర్‌ర్. ముళ్ళలో ఎక్కడో పిల్లి గురక పెడుతున్నట్టు. అదీ టర్టల్, తన పేరు తనే చెప్పుకుంటోంది అంది.

కాలువలు తవ్వడం నేర్పినవాళ్ళు చాలామంది. వినడం నేర్పింది ఆమె.

ఏప్రిల్ 28

గాలి దక్షిణానికి తిరిగింది. పంతొమ్మిది పావురాలు. మిస్ డౌస్ దారిలో నిలబెట్టి, ఇది గువ్వల గాలి, ఆఫ్రికా నుంచి ఈ గాలి మీదే వస్తాయి అంది. ఈసారి వింటే ఆ చెక్క మీద ఇంకొక్క తేదీ రాయించి మూత మూసేస్తాను అంది. నవ్వుతూనే అంది.

ఏప్రిల్ 30, శనివారం. సాయంత్రం ఏడున్నర

పొద్దు గుంకడానికి ఇంకొక్క గంట. అంతే ఉంది.

నాలుగింటికి రస్సెల్ వచ్చి కంచె మూల చూపించాడు. జానెడు మేర మొలక కొరికేసి ఉంది. ఇదేంటి మావయ్యా, పెట్టె మీద కూచుని కీర్తనలు పాడుతున్నావా, రేపు మోగిస్తాను అన్నాడు. పొద్దు గుంకేదాకా చూడరా, ఒక్కటి దిగితే నీ ఇష్టం అన్నాను.

ఆ తర్వాత కదిలిన ప్రతిదాన్నీ కాల్చాను. సూర్యుడు కళ్ళలోకి దిగాడు. కంచె మీంచి ఒకటి దీమం మీదికి వాలింది. చిన్నది. చురుకైనది. చిన్నదని కన్ను చూసింది. వేలు ఆగలేదు.

వెళ్ళి ఎత్తాను. వీపు మీద రాగి రంగు పొలుసులు. మెడ పక్కన నలుపు తెలుపు గీతలు. తోక అంచున తెల్లటి కుట్టు. చేతిలో బరువే లేదు.

గువ్వ.

ఏడున్నర

దీమం పావురాల మధ్య కాసేపు పెట్టాను, ఎందుకో. తర్వాత కంచె మొదట్లో గొయ్యి తీసి పాతాను. బూటుతో మట్టి తొక్కాను. ఎవరూ చూడలేదు. వస్తుంటే రస్సెల్ ఎదురై, చేను శుభ్రంగా ఉంది, రేపు గొట్టం మోగదు, కడుపు నిండా అరుచుకో మావయ్యా అన్నాడు.

మే 1, ఆదివారం

పన్నెండుమంది. ఎండ. కిటికీ తెరిచి ఉంది.

రెండో కీర్తన మూడో చరణంలో హార్మోనియం ఆగిపోయింది. మేం కాసేపు వట్టి గొంతులతో పాడి, మేమూ ఆగిపోయాం. మిస్ డౌస్‌కు ఏమైందోనని బెర్ట్ లేచాడు. ఆమె చెయ్యెత్తి కూచోమంది.

తుర్‌ర్. తుర్‌ర్. తుర్‌ర్.

కంచెలోంచి. నేను తొక్కిన మట్టికి పది గజాల దూరంలో నుంచి. వీటిలో పాడేది మగది. అంటే నేను చంపింది ఆడది.

మిస్ డౌస్ ముఖం గురించి రాయను. పన్నెండుమందీ చప్పట్లు కొట్టారు, చప్పట్లెరగని మెథడిస్టులు, ఆరాధన మధ్యలో. ఆమె మూత ఎత్తి, నాకు రాసేది కనబడదు, నువ్వు రాయి ఓబెద్ అంది. జేబులోంచి పెన్సిలు తీసి రాశాను. మే 1, 1994. చక్కగా, తిన్నగా రాశాను.

ఆ తర్వాత ఏం ప్రసంగించానో తెలీదు. బాగుందన్నారు.

మే 2

ఆకాను చెయ్యి వణికిందా లేదా అని ఆ అధ్యాయమంతా వెతికాను. రాసి లేదు.

మే 3

మిస్ డౌస్ కర్ర ఊపుకుంటూ మా గేటు దాకా వచ్చింది. ఒకటే పాడుతోంది అబ్బాయ్, రెండోది గూడు కడుతూ ఉంటుంది, వెళ్ళి చూసి చెప్పు, నువ్వైతే మైలు దూరంలో పావురాన్ని పట్టేస్తావు అంది. రెండున్నాయంటే వచ్చే ఏడు నాలుగు వస్తాయట. లెక్క కూడా వేసుకుంది.

ఆకులు దట్టంగా ఉన్నాయి టీచర్, కనబడటం లేదు అన్నాను.

ఆకులు దట్టంగా ఉన్న మాట నిజమే. అబద్ధానికి అంతకంటే మంచి చొక్కా ఉండదు.

మే 4

తెల్లారినప్పటి నుంచి పాడుతూనే ఉంది. రెండు నిమిషాలు ఆగుతుంది, జవాబు కోసం. మళ్ళీ మొదలు.

నా తుపాకీ తియ్యలేదు. పావురాలు దిగాయి.

మే 5

తవ్వి తీశాను. రుమాల్లో చుట్టాను. వంటింటి తలుపు కొట్టాను.

మిస్ డౌస్ టీ పెడుతోంది. రెండోది కనబడిందా అంది, వెనక్కి తిరక్కుండానే. కనబడింది, నా దగ్గరుంది, నేనే కాల్చాను అన్నాను. అంతకంటే పెద్ద మాటలు వస్తాయనుకున్నాను. రాలేదు.

ఆమె స్టవ్ ఆర్పింది. కూచుంది. చెయ్యి చాపింది. రుమాలు విప్పి పెట్టాను. మట్టి వాసన, కుళ్ళు వాసన. చూపుడు వేలితో తల నుంచి తోక దాకా మెల్లగా రాసింది. ఇంత చిన్నదా అంది. యాభై ఆరేళ్ళు విన్నాను, ఒక్కసారీ ముట్టుకోలేదు అంది.



టీచర్, పదిహేనో తేదీ నా వంతు, బల్ల దగ్గర నిలబడి అందరి ముందూ ఒప్పుకుంటాను అన్నాను. అప్పుడు కోపం వచ్చింది ఆమెకు. ఒప్పుకుంటావు, ఎందుకు ఒప్పుకోవు, బ్రహ్మాండంగా ఒప్పుకుంటావు అంది. బల్ల గుద్దుతావు, నీ డేరా, నీ ఆకాను, బెర్ట్ వెక్కి వెక్కి ఏడుస్తాడు, ఇంటికెళ్ళి హాయిగా భోంచేస్తావు. దాన్ని చంపింది చాలక ప్రసంగం కూడా చేస్తావా? అడిగినవాళ్ళకి చెప్పు. గువ్వని కాల్చడం నేరం, చట్టానికి చెప్పు. కానీ అక్కడ నిలబడి దాన్ని నీ పాట చెయ్యకు.

మరి నన్నేం చెయ్యమంటారు అన్నాను.

నోరు మూసుకుని విను అబ్బాయ్ అంది.

ఆమె కిటికీ కింద గులాబీ మొక్క పక్కన పాతాం. పట్టుబట్టి పార తనే పట్టుకుంది. టీ ఇవ్వలేదు.

మే 6

పోలీస్ స్టేషన్‌లో నా తుపాకీ అప్పగించి విషయం చెప్పాను. కానిస్టేబుల్ రాసుకున్నాడు, కబురు పెడతామన్నాడు.

రస్సెల్‌కూ చెప్పాను. వాడు టోపీ తీసి తల గోక్కున్నాడు. పాతినవాడివి పాతినట్టు ఊరుకోక తవ్వడం దేనికి మావయ్యా అన్నాడు. వాడు ఆకాను మీద ప్రసంగం వినలేదు.

మరి నా బఠాణీల సంగతేంటి అన్నాడు. అటక మీంచి పిట్టల్ని తోలే పాత చెక్కమోత తీశాను. మూడు పలకలు, తోలు తాడు. యుద్ధం రోజుల్లో తొమ్మిదేళ్ళవాణ్ణి, అది టకటకలాడిస్తూ ఇదే చేను చుట్టూ తిరిగేవాణ్ణి. గొట్టం పెట్టకు, నేను తిరుగుతాను, కంచె వైపు మాత్రం మెల్లగా అన్నాను. పగలబడి నవ్వాడు. అయితే ఇకనుంచి నువ్వే నా గ్యాస్ గన్‌వి అన్నాడు.

మే 11

మోకాలు. చేనుకు ఏడు చుట్లు. కాయ కాసేదాకా తిరగగలను.

ఒక్కటే పాడుతోంది ఇంకా.

మే 15, ఆదివారం

పద్నాలుగుమంది. నా వంతు. సొలొమోను వసంతం చదివాను, టర్టల్ దాకా. బెర్ట్ మోచేత్తో పక్కవాణ్ణి పొడిచాడు. కిటికీ పూర్తిగా తెరిచి, వెళ్ళి మిస్ డౌస్ పక్కన కూచున్నాను.

ఇరవై నిమిషాలు. నేనేమీ అనలేదు.

కంచెలో తాబేలు పాడింది.