నూలు పట్టి వేసిన ఒట్టు

ఆదివారం రాత్రి, సిరిసిల్ల

మా నేతపనివారి సంఘానికి నర్సింగమే మళ్ళీ అధ్యక్షుడయ్యేలా ఉన్నాడు. వచ్చిన ఆర్డర్లన్నీ తన మనుషుల మగ్గాలకే మళ్ళించిన పాపాత్ముడు. వాడి పేరు రాస్తుంటేనే ఒళ్ళు మండుతోంది.

వాడికి పోటీగా నిలబడ్డ ఇద్దరిలో రాజేశానికి నోరు లేదు. శ్రీనివాస్‌కు నోరు తప్ప ఏమీ లేదు. అయినా జనం కోపం మీద ఉన్నారు కదా, రాజేశం గట్టెక్కుతాడనే అనుకున్నాను.

పొద్దున గుడిలో నేను పురాణం చెప్పడం ముగిశాక భూమయ్యను అడిగాను. పని లేక వాడి మరమగ్గాలు రెండూ ఆగిపోయి ఉన్నాయి.

"ఎల్లుండి ఓటు ఎవలికేస్తవ్ రా?"

"నర్సింగానికే సామీ. ఇంటికచ్చి, నూలు కండె చేతుల వెట్టి ఒట్టేయించుకున్నడు. మా వాడకట్టోళ్ళందరం ఏసినం."

"నీకు పనియ్యనోనికి ఒట్టేంది రా, సిగ్గులేదా?"

"నూలు వట్టి అన్న మాట తప్పితే వంశం నిలువదని చెప్పింది నువ్వే గద!"

ఔను, ఏటా చెబుతాను. ఆ దొంగ నర్సింగం ముందు వరసలో కూర్చుని, తల ఊపుతూ విన్నది ఇందుకా!

అధర్మపరుడికిచ్చిన మాట చెల్లదనే కథ కోసం సాయంత్రమంతా గ్రంథం తిరగేశాను. దొరికింది. రేపు గుడిలో చదివితే వాడు ఓడిపోతాడు. కానీ ఆ తర్వాత ఈ వాడలో ఒట్టుకు విలువేముంటుంది? చదవకపోతే భూమయ్య మగ్గాలు కదలవు.

గుర్తు కోసం ఆ పేజీలో నూలు పోగు పెట్టబోయాను. చేయి రాలేదు. కాగితం ముక్క పెట్టి మూసేశాను.