కత్తిరించిన ఫొటోలు

బేస్‌బాల్ క్లబ్బు మేనేజరు కోల్‌స్టడ్ గారికి,

బ్యాటర్‌కి సూటిగా ఎదురుగా ఉండే సెంటర్ ఫీల్డ్ గోడ దగ్గరినుంచి తీసిన ఫొటోలే కావాలని మీరు అడిగితే నా పనితనం నచ్చిందనుకున్నాను. నిన్న మీ ఆటగాళ్ల గదిలో గోడ చూశాను. బ్యాటు ఎత్తినవాళ్లందర్నీ కత్తిరించి పారేశారు. బ్యాటర్ వెనక కూర్చునే ఎదుటి జట్టు క్యాచర్, బంతి ఎలా వేయాలో తమ బంతి విసిరేవాడికి మోకాళ్ల మధ్య దాచి చూపించే వేళ్లను మాత్రం వరసగా అంటించారు.

"నీ కెమెరా మా అందరికంటే బాగా ఆడుతోందయ్యా, ముసలాయనా!" అని మీ కోచ్ నవ్వాడు.

పద్దెనిమిదేళ్లుగా మీ బేస్‌బాల్ క్లబ్బు ఇస్తున్న పాసు ఈ కవర్లోనే ఉంది. ఆదివారం టికెట్ కొనుక్కుని మొదటి బేస్ వైపు, బ్యాటర్‌కి పక్కగా కూర్చుంటాను. అక్కడినుంచి వేళ్లు కనబడవు, మీ బ్యాటర్ల మొహాలు కనబడతాయి. రాబోయే బంతి ముందే తెలిసినవాడి మొహం ఎలా ఉంటుందో తీసి పేపరుకిస్తాను.

ఇట్లు,
మీ పాత ఫొటోగ్రాఫర్