అరచేతికి తెలిసిన పరుపు

శ్రీవారికి,

మీ గయ్యాళి రాస్తోంది. ఫోనులో అయితే మధ్యలో ఏడ్చేస్తాను, మీరక్కడ వంతెన మీద వెల్డింగు ఆపేసి కంగారుపడతారు. అందుకే ఈ ఉత్తరం.

ముందు తప్పు ఒప్పేసుకుంటాను. ముందుగదిలోకి ఫ్యూటాన్ కొందాం, పగలు సోఫాలా మడుచుకోవచ్చు, పడుకునేటప్పుడు పరుచుకోవచ్చు, ఎవరైనా వస్తే పనికొస్తుంది అన్నాను కదా. అది అబద్ధం. మామయ్యగారు వెళ్ళిపోతే ఆయనకిచ్చిన ఆ గది మళ్ళీ నాదవుతుందని, అప్పుడు అందులో వేసుకుందామని నా ఆశ. ఆయన్ని తీసుకెళ్ళమని మీ అక్కకి, అదే మా వదినకి, పది రోజుల కిందటే రాశాను. మీకు చెప్పలేదు.

ఆయన నన్ను పల్లెత్తు మాట అనలేదు. మా ఇద్దరి మధ్యా రోజుకి నాలుగు మాటలుంటే ఎక్కువ. కానీ నేను కళ్ళద్దాల కొట్టులో పనికి వెళ్ళేముందు నా పక్క సర్ది, దుప్పటి వేసి వెళ్తానా, తిరిగొచ్చేసరికి అదంతా తీసి మళ్ళీ వేసి ఉంటుంది. ప్రతిరోజూ! నా పని ఆయన కంటికి ఆనదేమోనని, ఆయన వచ్చిన ఈ మూడు నెలలుగా లోలోపల కుమిలిపోయాను.

"నాన్నని వెంటబెట్టుకెళ్ళు, పరుపులు కుట్టిన చెయ్యి" అని మీరన్నారు కాబట్టి నిన్న మధ్యాహ్నం తీసుకెళ్ళాను. పరుపుల కొట్టులో వరసగా తొమ్మిది ఫ్యూటాన్‌లు పరిచి ఉన్నాయి. అమ్మే పిల్ల గడగడా గొప్పలు చెబుతోంది. మామయ్యగారు చెప్పులు విడిచి, మొదటిదాని పక్కన మోకాళ్ళ మీద కూర్చుని, కళ్ళు మూసుకుని అరచెయ్యి ఆనించారు. నొక్కలేదండీ. నిద్రపోతున్న పసిపిల్ల వీపు మీద వేసినట్టు వేశారు.

"ఇందులో దూది ఐదు పొరలు. మూడోది పాతది" అన్నారు.

ఆ పిల్ల నవ్వింది. "అన్నీ కొత్తవే తాతగారూ!"

"విప్పి చూడమ్మా."

యజమాని విసుక్కుంటూ వచ్చి జిప్పు లాగాడు. ఒకటి, రెండు తెల్లగా ఉన్నాయి. మూడో పొర బూడిదరంగులో, పొట్టి పోగులతో బయటపడింది. కింద మళ్ళీ రెండు తెల్లవి. యజమాని మొహంలో నెత్తుటి చుక్క లేదు. "మాకే తెలియదు. మీకెలా తెలిసిందండీ?" అన్నాడు.

"కొత్త దూది చేతిని పైకి తోస్తుంది. పాతది ఊరుకుంటుంది."

మూడు నెలలుగా అన్నం వడ్డిస్తున్నాను, ఆ చేతుల్ని ఒక్కసారైనా చూడలేదే అనిపించింది.

ఏడోదాని దగ్గర ఆయన చాలాసేపు ఆగారు. "ఇది తీసుకో అమ్మాయ్. రోజంతా నిలబడి పనిచేసే నడుముకి ఇదే సరి. నీ పరుపు మధ్యలో గుంటపడింది. రోజూ తిరగేసి దూది సర్దుతూనే ఉన్నాను, నిలవడం లేదు."

ఆయన నా పక్క ఎందుకు తీసి మళ్ళీ వేస్తున్నారో అప్పుడర్థమైంది. "మరి మీకు?" అన్నాను.

"నాకెందుకూ? నేను మీ వదిన దగ్గరికి వెళ్తున్నానుగా. ఫోన్ చేసి చెప్పింది."

ఆ గొంతులో కోపం లేదు. ఉన్నా బాగుండేది.

సిగ్గుతో చచ్చిపోతున్న
మీ గయ్యాళి


శ్రీవారికి,

"నీకేది మంచిదనిపిస్తే అది చెయ్యి" అని మీ జవాబు వచ్చింది. నేను అప్పటికే చేసేశాను లెండి.

ఫ్యూటాన్ వచ్చిన మర్నాడు పొద్దున లేచి వంగితే నడుము పట్టెయ్యలేదు. అదే చెబుదామని ముందుగదిలోకి పరిగెత్తాను. ఆయన సంచి సర్దుకుంటున్నారు. జానెడు పొడుగు సూదుల్ని మెత్తటి గుడ్డలో చుడుతున్నారు. నేను ఎదురుగా నేలమీద కూలబడి, "తప్పయిపోయింది మామయ్యగారూ. వెళ్ళకండి" అన్నాను.

"జాలిపడుతున్నావా?"

"లేదు. నాకు ఆ చెయ్యి నేర్పండి."

ఆయన సూదులు పక్కన పెట్టారు. తర్వాత లేచి, నా పాత పరుపుకి ఒక కొస పట్టుకుని, "ఆ కొస నువ్వు పట్టు" అన్నారు.

మేడమీద ఎండలో కుట్లు విప్పి, బెత్తంతో దూదిని కొట్టడం మొదలుపెట్టారు. ఏం చెప్పనండీ! గట్టిపడి రాయిలా ఉన్న ముద్ద ఒక్కొక్క దెబ్బకీ ఊపిరి పీల్చుకున్నట్టు పొంగింది. చూస్తుండగానే నా నడుమంత ఎత్తయింది. ఎండలో పోగులు తేలుతూ మెరుస్తుంటే పక్క మేడలవాళ్ళు బట్టలారెయ్యడం మానేసి నిలబడిపోయారు. డెబ్బై రెండేళ్ళ మనిషి, ఒక్క దెబ్బ తప్పలేదు. నేను నోరు తెరుచుకుని చూస్తుండిపోయాను, నోటినిండా దూది.

ఆయన నా చెయ్యి తీసుకుని దాని మీద పెట్టారు. "ఏమంటోంది?"

"నాకేమీ తెలియడం లేదు."

"మా నాన్నకి నేనూ మూడేళ్ళు ఇదే చెప్పాను" అని నవ్వారు. ఆయన నవ్వు నేను అదే మొదటిసారి వినడం.

మూడు రోజులు పట్టింది కుట్టడానికి. నేను వేసిన కుట్లు వంకరపోతే విప్పించి మళ్ళీ వేయించారు. చివరి వరస కుడుతుండగా వదిన కారు తీసుకుని వచ్చింది. మేడెక్కి చూస్తే మేమిద్దరం తలనిండా దూదితో ఉన్నాం.

"పదండి నాన్నా, సామాను ఏదీ?" అంది.

మామయ్యగారు సూది ఆపకుండా, "మూడేళ్ళ పని పెట్టుకున్నానే తల్లీ" అన్నారు. "ఈ పరుపు అయిపోవచ్చింది, నా బదులు దీన్ని తీసుకుపో."

మీ నాన్నగారి శిష్యురాలు,
మీ గయ్యాళి