వీపు లేని బట్ట

బాబాయికి,

గుండీ నమస్కారాలు. ఇక్కడ నేనూ మీ కుట్టుమిషనూ కులాసా. అక్కడ మీరూ మీ మోకాళ్లూ కులాసా అనుకుంటాను.

రెడీమేడ్ బట్టల కొట్లో పని మానేశాను. మర్యాదగా చెప్పి మానలేదు. ఆరేళ్లపాటు జిప్పులు మార్చాను, పాంట్ల అంచులు మడిచాను. మొన్న ఒక గౌనుకి జేబు పెడితే బావుంటుందని నోరు జారాను. "నీకు బుర్రెందుకమ్మా, మడత వస్తే చాలు" అన్నాడు యజమాని. టేపు మడిచి బల్ల మీద పెట్టి వచ్చేశాను. "నెల తిరక్కుండా వస్తుంది, ఆ స్టూలు తియ్యకండి" అని అందరి ముందూ అన్నాడట. స్టూలు అక్కడే ఉండనివ్వండి. చెదలు పట్టినా నేను మాత్రం దాని మీద కూర్చోను.

ఇప్పుడు ఏప్రన్లు కుడుతున్నాను. వంట చేసేటప్పుడు బట్టల మీద కట్టుకుంటారే, అవి. అమ్మ దగ్గర ఒక పాత బిస్కెట్ల డబ్బా ఉండేది, గుర్తుందా? మూత మీద ఒకావిడ పొయ్యి ముందు నిలబడి నవ్వుతూ ఉంటుంది. ఆవిడ కట్టుకున్నదే నా నమూనా. గుండెల మీద హృదయం ఆకారంలో ఒక ముక్క, నడుముకి వెడల్పాటి పట్టీ, కింద కుచ్చులు, రెండు పెద్ద జేబులు. మూత ముందు పెట్టుకుని పాత పేపరు మీద గీసి, ఎర్ర చుక్కల గుడ్డ కత్తిరించాను. పక్కింటి బేకరీ ఆవిడ చూసిన వెంటనే మూడు పట్టుకుపోయింది. ముందుగది కిటికీకి బోర్డు కూడా కట్టేశాను: "చేత్తో కుట్టిన పాతకాలపు ఏప్రన్లు".

మీరిచ్చిన మిషనే నాకు ఆధారం. మీ పేరు నిలబెడతాను.

ఇట్లు
మీ కోటు గుండీ మింగినందుకు నాలుగేళ్ల వయసు నుంచీ ఈ పేరు మోస్తున్న
గుండీ

తా.క.: మొట్టమొదటి ఏప్రన్ మీకే పంపుతున్నాను. కట్టుకోమని కాదు. కట్టుకున్నా ఎవరికీ చెప్పను.

---

గుండీకి,

ఆశీస్సులు ఉత్తరం చివర ఉంటాయి, అప్పటికి నా కోపం తగ్గితే.

పార్సిల్ అందింది. విప్పాను. ముందు భాగం ఉంది, వీపు లేదు. కాగితాలన్నీ దులిపాను. పోస్టువాళ్లే పారేసి ఉంటారని పోస్టాఫీసుకి వెళ్లి దెబ్బలాడాను. అక్కడి గుమాస్తా అరగంట వెతికి, చివరికి నా చేతిలోది చూసి, "ఇది ఏప్రన్ కదండీ, దీనికి వీపుండదు" అన్నాడు. వెనక వరసలో పదిమంది ఉన్నారు. అందరూ నవ్వారు. నలభై రెండేళ్లు కోట్లు కుట్టిన మనిషిని నేను.

కోటు పనితనమంతా వీపులోనే ఉంటుందని నీకు ఎన్నిసార్లు చెప్పాను? తొడుక్కున్నవాడికి కనిపించని చోట కూడా నిజాయితీగా కుట్టేవాడే దర్జీ. నువ్వు ఏకంగా వీపే ఎగ్గొట్టావు!

ఇక ఆ బోర్డు. మిషను తొక్కేది కాలితో. "కాలితో కుట్టిన ఏప్రన్లు" అని మార్చు.

టేపు పెట్టి చూశాను. పద్నాలుగు తప్పులు. అన్నీ ఇక్కడ రాస్తే కాగితం చాలదు, జాబితా విడిగా జతచేశాను. నాలుగోది, కుడి జేబు ఎడమ జేబు కన్నా పావంగుళం పైకుంది. ఎనిమిదోది, కుచ్చులు ఒకవైపు పదకొండు, ఇంకోవైపు తొమ్మిది. పదకొండోది, మెడ వెనక ముడి. ముడి వేసేది మూటకి. మనిషికైతే కాజా తీసి గుండీ పెట్టాలి. పద్నాలుగోది అన్నిటికన్నా ఘోరం. కోటు ఎవరి కోసం కుట్టామో వాళ్ల పేరు లోపలి జేబులో చిన్న అక్షరాలతో కుడతాం. ఇది నీకు ఆరేళ్లప్పుడే నేర్పాను. నీ జేబు తిరగేసి చూస్తే దారప్పోగులు తప్ప ఏమీ లేవు.

కోట్లు కుట్టిన మిషను మీద సగం బట్టలు కుట్టడానికి వీల్లేదు. నా మిషను నాకు పంపించు.

కోపం తగ్గలేదు.

ఇట్లు
కోటు బాబాయి

తా.క.: ఏప్రన్ తిరిగి పంపడం లేదు. సాక్ష్యం కింద ఉంచుకున్నాను. దాని మీద టీ మరక పడింది. ఎలా పడిందని అడగొద్దు.

---

బాబాయికి,

నమస్కారం. మిషను ఇవ్వను.

ఇంతటితో ఉత్తరం ముగించొచ్చు గానీ, ఒళ్లు మండి ఉంది కాబట్టి రాస్తున్నాను. మూడేళ్ల కిందట మీ కోట్ల కొట్టు మూసేసిన రోజున మీరే ఆ మిషన్ని లారీ ఎక్కించి పంపారు. "నా మోకాలికి దీనితో ఇక పని లేదు, నువ్వు తొక్కుకో" అన్నారు. తొక్కుతున్నాను. ఇప్పుడు మాట మారిస్తే ఎలా?

ఏప్రన్‌కి వీపెందుకు లేదో చెప్తాను వినండి. పనిచేసే మనిషికి మరకలు ముందువైపే పడతాయి. మీ కోట్లు తొడుక్కున్న పెద్దమనుషులకి మరకలు పడే పని ఏనాడూ లేదు. పనుందని ఎవరైనా వస్తే లేచి వెనక్కి తిరిగేవాళ్లు, అందుకే వాళ్లకి వీపు అంత బాగా కుట్టాల్సొచ్చింది.

జేబు పావంగుళం పైకి రావడం పొరపాటే, ఒప్పుకుంటాను. మీరు చెప్పారు కాబట్టి ఇకనుంచి కావాలనే అలా పెడతాను. పద్నాలుగింటిలో ఒక్కటి కూడా దిద్దను. అమ్మకానికి కుట్టేదానిలో ఎవరి పేరు కుట్టమంటారు? కొనేది ఎవరో నాకేం తెలుసు?

మిషను పోతే నేను ఆ స్టూలు మీదికే వెళ్లాలి. అది మీకు తెలుసు. తెలిసే అడుగుతున్నారా?

ఇట్లు
మొండి గుండీ

తా.క.: టీ మరక ఎలా పడిందని అడగడం లేదు. బొడ్డుకి పైన పడిందా, కింద పడిందా? పైన పడితే మీరు దాన్ని కట్టుకున్నట్టే.

---

గుండీకి,

నీ వాదన చదివాను. జవాబు తర్వాత చెప్తాను. ప్రస్తుతానికి తొందరలో ఉన్నాను.

శనివారం ఎర్ర టోపీ పెట్టుకున్న లారీ డ్రైవరు వస్తాడు. మిషన్ని గుడ్డలో చుట్టి, బెల్టు ఊడదీసి, కాలితో తొక్కే పళ్లెం విడిగా కట్టి ఇవ్వు. నేను పంతానికి అడగడం లేదు. మిషను నాకు అవసరం పడింది. ఎందుకని అడిగితే చెప్పను.

ఇట్లు
కోటు బాబాయి

తా.క.: మాటవరసకి అడుగుతున్నాను. కుచ్చు నిండుగా రావాలంటే నడుము కొలతకి రెండింతల గుడ్డ సరిపోతుందా, రెండున్నర ఇంతలు కావాలా? నాకేం పని లేదు. నీకు తెలుసో లేదో చూద్దామని.

మరో తా.క.: పైనే పడింది. అయితే ఏంటి?

---

బాబాయికి,

అవసరం ఎందుకో చెప్పరా? నాకు తెలుసులెండి. ఆ రెడీమేడ్ కొట్టు యజమాని మీకు ఉత్తరం రాశాడు. మిషను లేకపోతే ఇది తోక ముడుచుకుని తిరిగొస్తుందని మీ చెవిలో ఊదాడు. మీరు ఆయన మాట విన్నారు. ఇలా చేస్తారని కలలో కూడా అనుకోలేదు.

లారీ డ్రైవరు వచ్చాడు. నేను మిషను మీదెక్కి కూర్చుని, "తీసుకెళ్లాలంటే నాతో సహా ఎత్తండి" అన్నాను. పాపం, నిజంగానే ఎత్తొచ్చా అని చుట్టూ తిరిగి చూశాడు. తర్వాత టీ ఇచ్చాను. టీ తాగుతూ గోడకి వేలాడుతున్న ఏప్రన్లు చూశాడు. ఇంజను కింద దూరేటప్పుడు ఇలాంటిది ఉంటే చొక్కా పాడవదు కదా అని, నీలం చుక్కలది ఒకటి కొని, కట్టుకునే వెళ్లాడు. కుచ్చులు తీసేయనా అంటే, "ఉండనివ్వండి, బావున్నాయి" అన్నాడు.

ఇంతకన్నా పెద్ద ఘోరం ఇంకొకటుంది. బేకరీ ఆవిడ చెల్లెలు మీ ఊళ్లోనే ఉంటుంది. అక్కడ శనివారం సంతలో ఎవరో లావుపాటి ఆవిడ బుట్టలో పెట్టుకుని అచ్చం నా ఏప్రన్లే అమ్ముతోందట. అదే హృదయం, అదే పట్టీ, అవే జేబులు. ఎవరు కుట్టారని అడిగితే నవ్వి ఊరుకుందట. నా డబ్బా మూతని ఎవడో దొంగిలించాడు బాబాయీ! ఆ ఊళ్లో మీకు తెలియని సందు లేదు. మిషను గొడవ పక్కన పెట్టి ముందు ఆ దొంగని పట్టండి.

ఇట్లు
అన్యాయమైపోయిన గుండీ

తా.క.: రెండున్నర. నాకు తెలుసు.

---

చిరంజీవి గుండీకి,

అనేక ఆశీస్సులు. నాకు ఏ కొట్టువాడూ ఉత్తరం రాయలేదు. రాస్తే చించి, వాడి మొహాన కొట్టేవాణ్ణి.

నువ్వు చెప్పినట్టే సంతకి వెళ్లాను, చూశాను. చూశాక దొంగ అనే మాట కాస్త ఎక్కువేమో అనిపించింది. ఆ పనితనం చూస్తుంటే కళ్లు తిప్పుకోవాలనిపించలేదు. విచారించాను. కుట్టేది ఎవరో ముసలాయనట. ఒంటరివాడు. మూడేళ్లుగా కత్తెర ముట్టుకోలేదట. ఏదో ఒకటి ఊరికే కుట్టి చూసుకుంటే, ఇల్లు అద్దెకిచ్చినావిడ లాక్కుని కట్టుకుని, సంతకి మోసుకెళ్లి, ఊరంతా ఎగబడేలా చేసిందట. ఇందులో ఆయన తప్పేముంది? అలాంటి పెద్దవాణ్ణి పట్టుకుని ఏం చేస్తావు చెప్పు?

పైగా ఆయనకి మిషను లేదట. పాపం, చాలా ఇబ్బంది పడుతున్నాడని విన్నాను.

ఇట్లు
నీ మేలు కోరే
బాబాయి

తా.క.: ఇంతకీ మన మిషను సంగతి ఏం ఆలోచించావు?

---

మహారాజశ్రీ దొంగగారికి,

బేకరీ ఆవిడ చెల్లెలి చేత ఒకటి కొనిపించి తెప్పించుకున్నాను. నా ఏప్రన్ పక్కన పెట్టి, మీ మొదటి ఉత్తరంతో వచ్చిన జాబితా చేత్తో పట్టుకుని చూశాను. రెండు జేబులూ ఒకే ఎత్తులో ఉన్నాయి. కుచ్చులు అటు పది, ఇటు పది. మెడ వెనక ముడి లేదు, కాజా తీసి గుండీ పెట్టి ఉంది. గోధుమరంగు, నాలుగు కన్నాల కోటు గుండీ. అలాంటిదే నేను మింగింది, నాకు రుచి కూడా గుర్తుంది. నా ఏప్రన్ని కాపీ కొట్టే దొంగ నా తప్పుల్ని కూడా కాపీ కొట్టాలి కదా. ఈ దొంగ తప్పుల్ని మాత్రం వదిలేశాడు. ఆ తప్పుల జాబితా ఈ లోకంలో ఇద్దరి దగ్గరే ఉంది బాబాయీ, ఆ ఇద్దరిలో నేను ఒకదాన్ని.

తర్వాత కుట్లు చూశాను. అంగుళానికి పదహారు, ఒక్కటి కూడా మిషను కుట్టు కాదు. మొత్తం ఏప్రన్ చేత్తోనే కుట్టి ఉంది. మిషను నా దగ్గరుంది కదా మరి.

ఏడుపొచ్చింది. కోపంతోనే వచ్చింది, మీరు వేరేగా అనుకోవద్దు. నన్ను సగం బట్టలని తిట్టి, మీరు కూర్చుని అవే కుడతారా? నా కాళ్ల కింద మిషను లాక్కుని నా మీదే పోటీకి దిగుతారా? పదమూడు తప్పులు దిద్దారు. పద్నాలుగోది మాత్రం వదిలేశారు. దొంగసొత్తు మీద ఎవరి పేరు కుడతారు లెండి!

మీ ఏప్రన్‌కి మేకు కొట్టి, నాకు ఎదురుగా గోడకి తగిలించాను. రోజూ దాన్ని చూసి పళ్లు నూరుకుంటూ నాలుగు కుడుతున్నాను. అన్నిటికీ కుడి జేబు పావంగుళం పైనే. వచ్చినవాళ్లు జేబు పైకున్నదే కావాలని ఏరుకుని మరీ తీసుకెళ్తున్నారు.

మిషను ఇవ్వను. కావాలంటే స్వయంగా వచ్చి నా ఎదుట నిలబడి అడగండి. మీ మొహం చూసే కాదంటాను.

ఇట్లు
మీకు ఏమీ కాని
గుండీ

తా.క.: నెల తిరిగింది. స్టూలు ఇంకా ఖాళీగానే ఉందట. నిన్న ఆ యజమాని వాళ్లావిడ వచ్చి ఒకటి అడిగింది. ఆవిడ వంతు వచ్చే నెలలో వస్తుందని చెప్పాను.

---

గుండీకి,

దొంగ ఆశీస్సులు.

క్షమాపణ చెప్పను. నీ తప్పులు ఎలా దిద్దాలో చూపించి నీ పొగరు అణచాలని మొదటిది కుట్టాను. అది కుడుతుంటే పొద్దు తెలియలేదు. కొట్టు మూసేశాక మూడేళ్లు పొద్దున్నే లేచి, ఎందుకు లేచానా అని కూర్చునేవాణ్ణి. ఎవరికీ చెప్పలేదు. కోట్లు కుట్టించుకునేవాళ్లు లేరు, నాకు ఇంకోటి కుట్టడం చేతకాదనుకున్నాను. ఇప్పుడు సూదిలో దారం ఎక్కించాలని లేస్తున్నాను. చేత్తో రోజుకి ఒకటే అవుతోంది, అడిగేవాళ్లేమో ఇరవైమంది ఉన్నారు. మిషను అందుకు అడిగాను. నీ మీద పోటీకి అనుకున్నావు చూడు, అక్కడే నీకు బుర్ర లేదు.

వీపు సంగతి నాలుగు వారాలు ఆలోచించాను. నువ్వన్నదే నిజం. నేను వీపు చూపించేవాళ్లకే కుట్టాను.

మంగళవారం బస్సుకి వస్తున్నాను. రెండు పెట్టెలు, ఒక కత్తెర, నాలుగు డబ్బాల కోటు గుండీలు. డబ్బాలు నీకు అందకుండా పైన పెట్టించు. మిషను అడగను, అది నీదే. నువ్వు కాలితో కుట్టు, నేను చేత్తో కుడతాను. ఆ బోర్డు మీది మాట సగమైనా నిజమవుతుంది. పావంగుళం మాత్రం దిద్దుతాను. దెబ్బలాడదాం.

ఇట్లు
కోటు బాబాయి (ఈ పేరు మార్చుకోవాలేమో)

తా.క.: పద్నాలుగో తప్పు వదిలేశానన్నావు. జేబు తిరగేసి చూడకుండానే గోడకి మేకు కొట్టావన్నమాట. ఆ మేకు ఊడదీసి, ఎడమ జేబు తిరగెయ్యి. ఎవరి కోసం కుట్టానో వాళ్ల పేరు లోపల కుట్టడం నాకు అలవాటు. ఇప్పటిదాకా ముప్ఫై ఒకటి కుట్టాను, ముప్ఫై ఒక్కదానిలోనూ ఒకే పేరు ఉంది. మీ నాన్న పెట్టిన పేరు కాదు, నేను పెట్టింది. చూశాక ఏడవకు, ఆ గుడ్డ మీద నీళ్లు పడితే మరక పోదు.