పాత సీసా, కొత్త సీసా

మెల్‌బోర్న్

విచారణ సంఘ సభ్యులకు,

రోగుల కుటుంబాల ఎదుట డాక్టర్ మెరిక్ గారిని అవమానించానన్నది నాపై అభియోగం. ఆమె మాటకు అడ్డు తగిలిన సంగతి నిజమే.

కణాల్లో ఇనుము సరిగా వాడుకలోకి వచ్చేలా చూసే ఫ్రాటాక్సిన్ అనే ప్రొటీన్, ఆమె ప్రయోగశాలలో మేము పరిశోధిస్తున్న నరాల జబ్బులో తగ్గిపోతుంది. తమ మందుతో అది రెట్టింపైందని ఆమె ప్రకటించారు. దాన్ని గుర్తించే యాంటీబాడీని రోగుల నుంచి మందుకు ముందు తీసిన నమూనాలకు పాత సీసాలోంచి, తరువాతి నమూనాలకు కొత్త సీసాలోంచి వాడారు. పెరిగింది ప్రొటీనో, కొత్త సీసా పదునో తేల్చమని ప్రయోగశాలలో ఎంత మొత్తుకున్నా ఎవరూ వినలేదు. అందుకే ఆ కుటుంబాల సభలో లేచి అదే అడిగాను.

"ఇది డిబేట్ పోటీ కాదమ్మా, కూర్చో" అన్నారామె.

పక్కన చక్రాల కుర్చీలో డెక్లన్ ఉన్నాడు. వాదనల పోటీల్లో నా జోడీ. ఆ మందు వాడుతున్నవాడు.

"కూర్చోకే! నాకు నోరు తిరగట్లేదు గానీ చెవులు బానే ఉన్నాయి" అన్నాడు.

అతని నడకను తీసుకున్న జబ్బు ఇప్పుడు మాటను తీసుకుంటోంది. ఈ మందుతోనే ఉండాలో, మరో మందును పరీక్షిస్తున్న చోట తనకు దొరికిన అవకాశం తీసుకోవాలో శుక్రవారంలోగా అతను తేల్చుకోవాలి.

నా క్షమాపణ సంగతి తరువాత చూద్దాం. రెండు రకాల నమూనాలూ ఫ్రీజర్‌లో భద్రంగా ఉన్నాయి. వాటిని పక్కపక్కన పెట్టి, ఒకే సీసాతో, శుక్రవారానికి ముందే పరీక్షించండి. ఫలితం ఏదైనా సరే, మొదట డెక్లన్‌కు చెప్పండి.