నీ చెల్లికి వచ్చిన సంబంధం

నాయనా శీనూ,

నీ సంవత్సరీకం నిన్నటితో ముగిసింది. ఇక శుభకార్యం మాట్లాడుకోవచ్చని ఇవాళ వెల్లిచందై నుంచి నా తమ్ముడు పూలూ పండ్లూ పట్టుకుని వచ్చాడు, నీ చెల్లిని అడగడానికి.

"మేనమామను నేనుండంగా బయటోడికిస్తావా అక్కా?" అని నవ్వాడు. మీ అవ్వ అప్పుడే చెల్లి తలలో పూలు పెట్టేసింది.

నాకు ధర్మపురి డాక్టరమ్మ మాటలు గుర్తుకొచ్చాయి. నీ కండలను కరిగించేసిన జబ్బు మీ నాన్న రక్తంలోనూ నా రక్తంలోనూ దాగి ఉండిందట. నా మేనమామనే నేను చేసుకున్నాను కదా, రెండూ నీలో కలిశాయట. నా తమ్ముడిలోనూ ఉండొచ్చు, నీ చెల్లిలోనూ ఉండొచ్చు.

"ఈ పెండ్లి వద్దురా" అన్నాను.

"తరతరాలుగా చేసుకుంటా ఉండాము. మాకంతా రోగమొచ్చిందా?" అని అవ్వ అరిచింది.

తమ్ముడి కాళ్లు పట్టుకుని, డాక్టరమ్మ చెప్పిందంతా అందరి ముందూ చెప్పేశాను. మీ నాన్న లేచి బయటికి వెళ్లిపోయాడు.

"నాకే ఎందుకొచ్చిందమ్మా?" అని మంచంలోంచి నువ్వు అడిగినప్పుడల్లా దేవుడి మీదికి తోసేశాను. తెలిస్తే నా చేతి ముద్ద తినవేమోనని భయపడ్డాను. ఇప్పుడు చెప్తున్నాను నాయనా. ఒక్కసారి వచ్చి నన్ను తిట్టరా.