హిందూపురం వచ్చిన సంఘ పెద్దలు

హిందూపురం, 10-3-1999
మరియక్కకు దానియేలు వందనాలు.
ఇంటింటికీ కేబుల్ వచ్చాక మా టాకీసుకు కుటుంబాలు రావడం మానేశాయి. నెల నుంచి ‘ఏ’ సర్టిఫికెట్ సినిమాలే ఆడిస్తున్నాం. పద్దెనిమిదేళ్లు ఆపరేటరుగా చేస్తే చివరికి ఈ గతి పట్టింది. సిగ్గుతో నా భార్య మంజుల నాతో మాట్లాడటం లేదు. ఎవరికీ చెప్పకు.
తల ఎత్తుకోలేని తమ్ముడు, దానియేలు
తా.క.: ఏం సినిమా అని అడగకు. ‘పెద్దలకు మాత్రమే’ అని పోస్టరు మీదే ఉంటుంది.

ధర్మవరం, 14-3-1999
తమ్ముడికి అక్క దీవెనలు.
సెన్సారు వాళ్లే ‘ఏ’ ఇచ్చారంటే ఫస్టు క్లాసే కదా! దానికి ఏడుపెందుకు? సంతోషం పట్టలేక ఈరోజు ప్రార్థన అయ్యాక చర్చిలో అందరికీ చెప్పేశాను.
నీ గురించి గర్వపడే అక్క, మరియమ్మ
తా.క.: పెద్దలకు మాత్రమే అన్నావుగా, మన సంఘ పెద్దలు ముగ్గురు శనివారం ప్యాసింజరుకు వస్తున్నారు. ముందు వరుసలో కూర్చోబెట్టు.

హిందూపురం, 18-3-1999
అక్కా, నీకు దండం పెడతాను!
‘ఏ’ అంటే పిల్లలు చూడకూడని సినిమా. అదీ చాలక, సెన్సారు కోసేసిన బట్టల్లేని ముక్కల్ని ఓనరు ఎక్కడి నుంచో తెస్తాడు. వాటిని మళ్లీ అతికించేది నేనే.
దానియేలు
తా.క.: పెద్దలను ఆపలేకపోతే రైలన్నా తప్పించు.

హిందూపురం, 21-3-1999
అక్కా,
నా ఉత్తరం కంటే ముందు రైలే వచ్చింది. ముగ్గురు పెద్దల్లో యల్లప్ప గారు బైబిలు చంకలో పెట్టుకుని ముందు వరుసలో కూర్చున్నారు. ఆట మొదలు కాకముందే కత్తెర తీసి ఆ ముక్కలన్నీ కోసేశాను. అనుమానం ఉన్నవీ కోసేశాను. రెండు గంటల సినిమా నలభై నిమిషాల్లో అయిపోయింది. “మా సినిమా యాడికి పోయిందిరా?” అని జనం కుర్చీలు విరగ్గొట్టారు, తెర చించేశారు. ఓనరు “ఇంగ రావద్దప్పా” అని టాకీసుకు తాళం వేశాడు. ఉల్లిగడ్డల గోడౌను చేస్తాడట. నాకు ఇంకో పని రాదక్కా.
దిక్కుతోచని దానియేలు
తా.క.: మంజుల నెల తర్వాత నోరు విప్పింది. “ఇప్పుడేం తినల్ల?” అంది.

ధర్మవరం, 28-3-1999
తమ్ముడూ,
నీ రెండు ఉత్తరాలూ ఒకేరోజు అందాయి. నా నోటి మూలంగా నీ పని పోయింది. మూడు రోజులు ఏడ్చాను. భయపడుతూనే ఈరోజు చర్చికి వెళ్లాను. ఇద్దరు పెద్దలు “సినిమా పొట్టిది గానీ తప్పేమీ లేదమ్మా” అన్నారు. మనకు మిగిలింది ఆ మర్యాద ఒక్కటే. మంజులను తీసుకుని వచ్చెయ్. మగ్గం నేర్పిస్తాను.
క్షమించమని అడగలేని అక్క, మరియమ్మ
తా.క.: యల్లప్ప గారు మాత్రం నన్ను పక్కకు పిలిచి మెల్లగా అడిగారు: “ఏమ్మా, పెనుకొండలో చూసినప్పుడు ఏట్లో స్నానం సీను ఉండెనే, అది ఏమాయనో మీ తమ్ముణ్ణి రోంత కనుక్కో.”